కుంకుమ కరిగిన కళ్లద్దాలు

అక్కా,

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు కులాసాయేనా? నేను బాగున్నాను, బెంగపడకు. ఇక్కడి బంగారు గనుల పక్కన, కోరమండల్‌లో అద్దెకు దొరికిన పాత గని కార్మికుల ఇల్లు ఇరుకే గానీ వెచ్చగా ఉంటుంది. సాయంత్రమైతే చలిగాలి. సంగటి కెలుక్కుని ఒక్కదాన్నే తింటుంటే నువ్వు గుర్తొస్తావు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతపండు పంపు. నిజంగా బాగున్నాను.

కానీ ఈ వారం నా కడుపు మండిపోయింది. మా బడిలో చదివే కల్పనను రాబర్ట్‌సన్‌పేటలో రోబో పోటీకి తీసుకెళ్లాను. గెలిస్తే బెంగళూరు పోటీకి పంపుతారు. ఏడాదంతా దానికోసమే కష్టపడింది పిల్ల. బరిలో ఉన్నంతసేపూ ఎవరైనా సరే రక్షణ కళ్లద్దాలు తీయకూడదు, తీస్తే ఔట్. మొన్న ఆయుధపూజకు వాళ్లవ్వ స్క్రూడ్రైవర్లతో పాటు ఆ అద్దాలకూ కుంకుమ బొట్లు పెట్టింది. "అవ్వ పెట్టింది ఎట్ల తుడిసేది మేడమ్?" అని పిల్ల అలాగే తెచ్చుకుంది. చెమటకు కుంకుమ కరిగి అద్దమంతా పాకింది. ఒక్క క్షణం తీసి తుడుచుకుంది, అంతే! జడ్జి బయటికి పొమ్మన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు.

"రూల్ అంటే రూలే మేడమ్. ఇంగేమీ మాట్లాడొద్దండి."

రూల్ తప్పని నేననను. టంకం చుక్క కంట్లో పడితే ఎవరిది పూచీ? మరి ఆయనకు కళ్లు లేవా? మధ్యాహ్నం బరి మధ్యలో ఫోటో కోసం అద్దాలు నెత్తిమీదికి తోసి ఇకిలిస్తూ నిలబడ్డాడు. వదులుతానా? అందరి ముందూ అరిచాను.

"సార్, రూల్ అంటే రూలే అన్నారు గదా? ఇంగ మీరూ బయటికి నడవండి!"

ఆయన మొహం మాడిపోయింది, గేటు బయటికి నడవక తప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది అక్కా!

నిర్వాహకులు పరుగున వచ్చి, గొడవ వద్దు, ఇద్దర్నీ లోపలికి రానిస్తామన్నారు. బెంగళూరు గుర్తొచ్చి నేను మెత్తబడ్డాను. గేటు బయట గోడ పక్కన ఏడుస్తున్న కల్పనను పిలిచాను.

"ఆ జడ్జి, ఆయప్ప గూడా లోపలికి వస్తాడా మేడమ్?"

"వస్తాడమ్మా."

కల్పన కళ్లు తుడుచుకుంది.

"అట్లయితే నేను రాను. ఆయప్పా నేనూ, ఇద్దరమూ ఈడనే ఉంటాము."

పోటీ ముగిసేదాకా ఆయన గేటు బయటే నిలబడ్డాడు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నన్ను దీవించు, ఆ పిల్లను ఇంకా గట్టిగా దీవించు.

నీ చెల్లెలు,
సుగుణ