పాపను ఇంక చావు ఇళ్ళకు పంపొద్దు

కువైట్ నుంచి

అక్కకు, చెల్లెలు రమణమ్మ దండాలు పెట్టి రాసేది. నా ఒళ్ళు బాగానే ఉంది. నువ్వెట్లా ఉన్నావు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? నా బిడ్డ శైలు వేళకు తింటోందా?

ఫోన్‌లో చెబుదామంటే శైలు నీ పక్కనే ఉంటుంది. అందుకని, మర్రిపాడు సుబ్బమ్మ సెలవు మీద వస్తుంటే ఆమె చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఇక్కడి ఎండలు చూస్తే మన ఉదయగిరి ఎండలే నయం అనిపిస్తుంది. గాలి లేచిందంటే ఇంటినిండా ఇసుకే, పొద్దున తుడిచిందే మధ్యాహ్నం మళ్ళీ తుడవాలి. మేడమ్ మంచిదే. తిండికి లోటు లేదు, నోటికే రుచి లేదు. సుబ్బమ్మ తిరిగి వచ్చేటప్పుడు కాస్త చింతకాయ తొక్కు పంపు. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

అసలు సంగతి శైలు గురించి. హార్మోనియం ముట్టుకోవడం లేదని, పాట నేర్పే అయివారి దగ్గరికి పొమ్మంటే కడుపునొప్పి అంటోందని చెప్పావు కదా. "సోంబేరి అయిపోయినాది, వాళ్ళ నాయన పేరు చెడగొడతాది" అన్నావు. నాకూ కోపం వచ్చింది. మొన్న శుక్రవారం నువ్వు పాలకు పోయినప్పుడు ఫోన్ అదే ఎత్తింది. తిట్టాను. అంతా విని, "అమ్మా, పాట నేర్చుకుంటే చచ్చిపోయినోళ్ళకే పాడాల్నా?" అని అడిగింది.

తిట్టడం ఆపి, సంగతంతా అడిగి చెప్పించుకున్నానక్కా.

దాని నాయన పోయిన రోజు భజనలో, ఆయన నేర్పిన తత్త్వమే ఆయన తల దగ్గర కూర్చుని పాడింది. విన్నవాళ్ళంతా ఏడ్చి, మెచ్చుకున్నారు. తర్వాత నేను ఈ దేశం వచ్చేశాను. అప్పటినుంచి వీధిలో ఎవరు పోయినా "ఆ పాపను పిలవండి, బాగా పాడతాది" అని మనిషిని పంపుతున్నారట. పుణ్యమని నువ్వూ పంపుతున్నావు. నీ తప్పేం లేదు, మన దగ్గర అందరూ చేసేదే. కానీ పెండ్లికి పాడమని దాన్ని ఒక్కరూ పిలవలేదు. బాగా వచ్చు కదా అని అయివారు కూడా ముందు ఆ తత్త్వమే పాడిస్తారట. పాడిన ప్రతిసారీ దానికి నాయన మళ్ళీ పోయినట్టే ఉంటుంది. ఇంక పాటంటే ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇకమీద ఎవరు పిలిచినా పాప రాదని మొహం మీదే చెప్పు. అనుకునేవాళ్ళను అనుకోనీ. కొన్నాళ్ళు అయివారి దగ్గరికీ పంపొద్దు. హార్మోనియం మాత్రం అటకెక్కించకు, కిటికీ దగ్గరే ఉంచు. సాయంత్రం పూట నువ్వే ఏదో ఒకటి వాయించి పాడు. నీ గొంతు సంగతి నాకు తెలుసు, అది వినలేకైనా వచ్చి నీ చెయ్యి పక్కకు తోస్తుందేమో. తోయకపోయినా ఒక్క మాట అనొద్దు.

అపశకునం మాట అని తిట్టకు గానీ, పరాయి దేశంలో బతుకు, ఎప్పుడెట్లా ఉంటుందో. రేపు నేనే శవమై ఇంటికొచ్చినా, నా తల దగ్గర దాన్ని కూర్చోబెట్టి పాడించొద్దక్కా. నాకు పాట లేకపోయినా పోతాను. అది బతకాల్సిన పిల్ల.

బావకు, పెద్దలకు దండాలు చెప్పు. నన్ను దీవించు. శైలుకు ముద్దులు. ఈ ఉత్తరం దాని కంట పడనీయొద్దు.

నీ చెల్లెలు
రమణమ్మ