గులాబీ చెంప, మామూలు చెంప

అన్నయ్యా, నేను బాగానే ఉన్నాను. తెల్లారింది మొదలు ముసురే, అయినా పది గడ్డాలు గీశాను. నువ్వు వండి పంపిన కొవ్వు సబ్బుకు మా షాపు యజమాని ఇవాళ పరీక్ష పెట్టాడు. నెగ్గితే ఇకపై నీ దగ్గరే కొంటాడట. దర్జీ మామ కుడి చెంపకి సబ్బుల కంపెనీ ఏజెంటు తెచ్చిన గులాబీ సబ్బు, ఎడమ చెంపకి వాసన లేని నీ సబ్బు రాశాను. "కుడివైపు పెళ్ళికొడుకునిరా, ఎడమవైపు ఎప్పటి దర్జీనే" అని నవ్వాడు. కాసేపటికి ఆ కుడి చెంపే మండి, ఎర్రగా కందిపోయింది. రెండూ కొవ్వు సబ్బులే కదా, నీదెందుకు మండదు? కొవ్వు ఎన్నిసార్లు వడకడతావు? రాయి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. యజమాని ఇంకా ఏదీ తేల్చలేదు. ఏజెంటు మాత్రం పదకొండింటికే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.