మంచులో ఇరుక్కున్న ఓడ

అయ్యా పాదిరీ గారూ,

మొన్న శనివారం పుస్తకాలు మార్చేటప్పుడు, మంచులో ఇరుక్కున్న ఓడ కథ నా దగ్గర్నుంచి తీసుకుని పక్క గది సైలస్ ప్రాసర్‌కి ఇచ్చారు. నాకింకా నలభై పేజీలు మిగిలాయి. నేను ఈ జైల్లోనే మీ దగ్గర అక్షరాలు దిద్దినవాణ్ణి, కూడబలుక్కుని చదువుతాను. వాడు గడగడా చదివేస్తాడు. చదివి ఊరుకోడు. పక్కపక్కన నిలబడి శిక్ష చక్రం మెట్లు తొక్కేటప్పుడు వార్డరు కంటపడకుండా, "నీ కెప్టెన్ ఏమయ్యాడో నాకు తెలిసిపోయిందిరా" అని ఉడికిస్తాడు.

వాడికి ఇంకేదైనా నీతుల పుస్తకం ఇచ్చి, ఓడ నాకు ఇప్పించండి. వచ్చే శనివారం దాకా ఆగమనకండి. గురువారమే నన్ను విడుదల చేస్తున్నారు. బయట నాలాంటివాడికి పుస్తకం ఎవరిస్తారు?

ప్రాసర్‌కి ఇంకా మూడేళ్ళ శిక్ష ఉంది. పెట్టి పుట్టాడు.

ఇట్లు,
పదకొండో గది ఖైదీ