నాగేంద్రమ్మ నింపిన హౌసు

బెంగుళూరు, 3-8-1964

పెనుకొండ నాటక సమాజానికి అధ్యక్షులూ, నాకు మేనమామా అయిన సుంకప్పగారికి నాగేంద్రమ్మ దండాలు.

మామా, బి.ఏ. అయ్యాక ఇంకా చదువెందుకని ధర్మవరంలో మా నాయన మగ్గం మీద నుంచి లేవకుండానే గొణిగితే, "చదవనీ బావా, పోయేదేముండాది?" అని ఒప్పించింది నువ్వే. ఇక్కడ నేర్పేది నాటకం ఆడటం కాదు, ఆడించడం. హాలు కుదర్చాలి, కళాకారులను పిలిపించాలి, జనాన్ని రప్పించాలి.

పని మొదలైంది. ఈ వారమంతా నన్ను బాక్సులో కూర్చోబెట్టారు. లోపల గాలాడదు, చెయ్యి పట్టేంత కంత ఒక్కటే. ముందర జనం బారులు తీరి అరుస్తుంటారు. ఆట మొదలయ్యే ముందు సగానికి చించేస్తారు. అదీ నేర్పుతారట.

ఇట్లు,
గాలికోసం కంతలోంచి చూసే నీ మేనకోడలు

తా.క.: బాక్సులో ఉన్నంతసేపూ కాఫీకి కూడా వదలరు. అమ్మకు చెప్పొద్దు.

పెనుకొండ, 8-8-1964

చిరంజీవి నాగేంద్రమ్మకు, నీ ఉత్తరం చదివి ముద్ద దిగని మామ దీవెనలు.

హిందూపురంలో ఒక ఇంద్రజాలంవాడు ఆడపిల్లను పెట్టెలో పెట్టి రంపంతో సగానికి కోయడం నా కండ్లతో చూశాను. ఆ పిల్ల నవ్వుతూ లేచి వచ్చిన మాట నిజమే. దానికి అలవాటుండాది! నువ్వు బి.ఏ. చదివినదానివి. మీ అత్త హనుమక్కకు ఉత్తరం వినిపిస్తే, "పంపించింది నువ్వే, పోయి పిల్చుకోని రా" అని పొయ్యి దగ్గరనుంచే కేకేసింది. ఆ పెట్టెలోంచి దిగి, నీ పెట్టె సర్దుకొని, మొదటి బస్సుకు వచ్చెయ్యి. నీకు ఇంక ఆ చదువు వద్దు.

ఇట్లు,
తప్పు చేశానని తల పట్టుకున్న సుంకప్ప

తా.క.: చించడం ఖాయమైతే, ఆ రోజు మీ నాయన నేసిన పట్టుచీర మాత్రం కట్టుకోవద్దు.

బెంగుళూరు, 14-8-1964

మామగారికి, ఎవరూ కోయని, ఒకే ముక్కగా ఉన్న నాగేంద్రమ్మ నమస్కారాలు.

బాక్సంటే టిక్కెట్లమ్మే గది మామా! చించేది టిక్కెట్లను. సగం చూసేవాళ్ళకు, సగం మాకు. నీ ఉత్తరం హాస్టలంతా చదివి నవ్వారు.

ఇప్పుడొచ్చింది అసలు పరీక్ష. మా డైరెక్టరుగారు పిలిచి హౌసు నా చేతికి అప్పగించారు. "ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది. నువ్వొచ్చావు కదా, ఇక నిండాలి. నిండకపోతే వచ్చే ఏడాది నిన్నిక్కడ ఉంచుకోవడం కష్టం" అన్నారు. సరేనన్నాను. ముప్పయ్యో తేదీ ఆదివారం సాయంత్రం మేమిద్దరం వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళందరికీ నమస్కారాలు పెడతాం. మీరూ రండి.

ఇట్లు,
గుండె దడదడలాడుతున్న నాగేంద్రమ్మ

తా.క.: డైరెక్టరుగారు చాలా మంచివారు. కాస్త కోపం ఎక్కువ. నాకు అలవాటైపోయింది.

పెనుకొండ, 20-8-1964

దొంగపిల్లకు, ఆశీర్వదించాలో తిట్టాలో తేల్చుకోలేని మామ రాయడమేమంటే:

ఇల్లు అప్పగించాడు, నిండాలన్నాడు, నిండకపోతే ఉంచుకోనన్నాడు, నువ్వు సరేనన్నావు! పెండ్లి కాకముందే ఇల్లు నింపే మాటలేంది మే? పెండ్లికి కన్నవాళ్ళను ఆఖర్న పిలుస్తావా? మీ అమ్మ ఏడ్చి ఏడ్చి, కండ్లు తుడుచుకొని, చక్కిలాలు కాల్చడం మొదలుపెట్టింది. మీ నాయన మగ్గం మీదున్న పట్టుచీర ముగించి తెస్తున్నాడు. బస్సు మాట్లాడాను. ధర్మవరంలో మీవాళ్ళు, పెనుకొండలో మావాళ్ళు, హిందూపురంలో మిగిలినవాళ్ళు ఎక్కుతారు.

ఇట్లు,
ఆదివారం ముఖాముఖి మాట్లాడబోయే సుంకప్ప

తా.క.: కోపిష్టి అని రాశావు. నా రౌద్రం వాడింకా చూడలేదు. భీముడి గద తెస్తాండా.

బెంగుళూరు, 31-8-1964

ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్ళిపోయిన మామగారికి, క్షేమంగా చేరావని నమ్ముతూ నాగేంద్రమ్మ నమస్కారాలు.

గద భుజాన పెట్టుకొని, "యాడ వాడు? ఆ డైరెక్టరును బయటికి రమ్మను!" అని గర్జించావు. తెల్లజుట్టు ముడేసుకున్న పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, "నేనేనండీ" అని వచ్చారు. గద అక్కడ పడింది, నువ్వు కనబడలేదు. తర్వాత జరిగింది నీకు చెప్పాలి కదా.

హౌసంటే నాటకాల హాలేనని అందరికీ చెప్పాను. "పెండ్లి ల్యాదా?" అని అమ్మ చక్కిలాల డబ్బా పట్టుకొని నిలబడిపోయింది. నాయనే, "వచ్చినాము గదా, చూసి పోదాం పాండి" అని ముందు నడిచాడు. బస్సు బస్సంతా కూర్చుంది. ఆ సందడి విని వీధిలో పోయేవాళ్ళూ వచ్చారు. హాలు నిండింది మామా! కథానాయిక ఏడ్చే ఘట్టంలో ఒకటే చక్కిలాల కరకర. ఆమె ఏడుపాపి మనవాళ్ళ వైపు చూసింది.

వచ్చే ఏడాది కూడా నేను ఇక్కడే. డైరెక్టరుగారు అక్కడికక్కడే చెప్పేశారు.

ఆట వదిలాక జనం బయటికి వస్తుంటే నాయన చాలాసేపు చూసి, "వీళ్ళందర్నీ నువ్వే పిలిపించినావా?" అన్నాడు. "సగం మామ పిలిపించినాడు నాయనా" అన్నాను. చీర నా చేతుల్లో పెట్టి, "పెండ్లికే కట్టాలని యాడుండాది? రేపు పనికి పోతావే, కట్టుకోని పో" అన్నాడు. కట్టుకొనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
నువ్వు చదవనిచ్చిన నాగేంద్రమ్మ

తా.క.: అత్త తిరుగు బస్సెక్కలేదు. ఈ రోజు ఆట కూడా చూసి వస్తుందట. నీకు రాయమన్న మాట: "అన్నం వండుకో. ఈడ నాటకం తెల్లారకముందే అయిపోతాది, శానా బాగుండాది. సెలవులకొచ్చినప్పుడు మన సమాజానికి నాగినే మేనేజరు, అందరికీ చెప్పేసినా. నీకు రాజు వేషం కావల్లంటే దాన్ని అడుక్కో."