మచ్చల్లేని ఎక్స్‌రే

మంగంపేట, మంగళవారం

ముగ్గురాయి గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఓబులేసన్న ఈరోజు మా నెట్ సెంటర్‌కి వచ్చాడు. పరిహారం కోసం పంపాల్సిన కాగితాల ఫైల్ మరీ పెద్దదైంది. తొందరలో అన్నిటినీ ఒకే తీరుగా కుదించేశాను. అక్షరాలు బాగానే ఉన్నాయి గానీ, ఎక్స్‌రేలో జబ్బుకు రుజువైన సన్నటి మచ్చలు చెరిగిపోయాయి. తెరమీద ఓబులేసన్న కూడా చూశాడు. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఎక్స్‌రేని ముట్టుకోకుండా, మిగతా పేజీల్ని నలుపు-తెలుపులోకి మార్చి తగ్గించాను. మచ్చలన్నీ కనిపించాయి, ఫైల్ కూడా వెళ్లింది.

పోతూ పోతూ ఓబులేసన్న ఆగాడు.

"ఆ మచ్చల్లేనిది నా ఫోన్‌కి పంపుమ్మా. మా ఆడమనిషికి చూపిస్తా. నయమైందనుకొని ఈ పొద్దన్నా నిద్రపోతాది."

పంపాను.

ఇప్పుడామె నిద్రపోతూ ఉంటుంది. పక్కన ఓబులేసన్న దగ్గు అణుచుకుంటూ ఉంటాడేమో…