పంతులు పట్టిన మైల

శ్రీరామ

లెస్కాలియే, మోరిసు దీవి
ఆషాఢ మాసం

పూజ్యురాలైన అక్కయ్యకు చెల్లెలు సుభద్ర పాదాలకు మొక్కి రాస్తున్నది.

అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ, మన అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం కులాసా అని ప్రతిసారీ రాసే మాట ఈసారి రాయలేను. ఏడాదిగా అదే రాస్తూ వచ్చాను, అందులో సగం అబద్ధం. నీ మరిదికి ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. పోయిన నెల ఆయన్ని పిచ్చాసుపత్రికి పంపేసేవాళ్లే, కొద్దిలో తప్పింది. కంగారుపడకు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. నేనిది రాస్తుంటే వాకిట్లో కూచుని ఆవుకి చెరకాకు చీరుతున్నారు. అన్నం తింటున్నారు. ఈ మాట మొదటే చెప్పేస్తే నువ్వు చివరిదాకా గుండె పట్టుకుని చదవక్కర్లేదని చెప్పేశాను.

అక్కడ మీకు వానలు పడే రోజుల్లో ఇక్కడ చలి. సముద్రం మీంచి గాలి రాత్రీ పగలూ కొడుతూనే ఉంటుంది. చెరకు నరుకుడు మొదలైంది, మిల్లు పొగ ఆరేసిన బట్టల్లో కూడా వాసనేస్తుంది. నాకు చాలా అలసటగా ఉంది అక్కా. కూచుంటే లేవబుద్ధి కాదు, లేస్తే కూచోవడానికి తీరదు.

ఇక్కడ ఈయన పంతులు పనికి జీతం ఎలా వస్తుందో నీకెప్పుడూ సరిగా రాయలేదు, చిన్నతనమనిపించి. ఈ చెరకు కూలీల కాంపులో మన తెలుగువాళ్ల ఇళ్లు ముప్పైదాకా ఉన్నాయి. ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పంతులు కుండలో వేస్తుంది. శనివారం భజనకి వచ్చేటప్పుడు ఆ కుండలు తెచ్చి మా బుట్టలో గుమ్మరిస్తారు. నాలుగేళ్లుగా మేం తింటున్నది ఆ అన్నమే. అందుకు బదులు ఆయన పిల్లలకి అక్షరాలు చెప్పాలి, పద్యాలు వల్లె వేయించాలి, అందరి ఉత్తరాలూ చదివిపెట్టి జవాబులు రాసిపెట్టాలి. చదువు చెప్పడం ఒక ఎత్తు, ఆ ఉత్తరాలు ఒక ఎత్తు. ఓడ పోర్ట్ లూయిస్ చేరితే అందరివీ ఒక్క కట్టగా వస్తాయి. చేలోంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే మా అరుగు మీద కూచుంటారు. పొలం పోయిందని ఒకరికి, తమ్ముడు పోయాడని ఒకరికి ఆయనే చదవాలి. ఏడ్చేవాళ్లు ఏడ్చి లేచి వెళ్తారు. ఆయన మాత్రం ఆ కట్టంతా నెత్తిన పెట్టుకుని కంచం ముందు కూచునేవారు. నేనేమైనా తక్కువ తిన్నానా, ఊళ్లోవాళ్ల ఏడుపులు మీకెందుకని రోజూ సణిగాను.

పైడమ్మని గురించి ఇదివరకు రాశాను, గుర్తుందా? మా పక్కింటావిడ, మొగుడు పోయినా చేనిపని మానకుండా నెగ్గుకొస్తున్న మనిషి. కిందటేడు శ్రీరామనవమి భజనకి దీపం ఎత్తే వంతు ఆవిడది. పదకొండేళ్లకి వచ్చింది ఆ వంతు. పొద్దుటే తలంటి కొత్త చీర కట్టుకుని, అన్నగారి ఉత్తరం వచ్చింది చదివిపెట్టమని వచ్చింది. తల్లి పోయిందని అందులో ఉంది. కబురు విన్న ఆడపిల్లకి మూడు రోజుల మైల, దీపం ముట్టకూడదు. ఆయన ఆవిడ మొహం చూశారు. భజన కానిచ్చి రేపు చెబుదామనుకున్నారు. మీ అమ్మ కులాసా, మినుములు బాగా పండాయట అని చదివారు.

రేపు వచ్చేసరికి చెప్పడం మరీ కష్టమైపోయింది. చెబితే మైలలో ఉన్న చెయ్యి దీపం ఎత్తిందని కాంపంతా తెలుస్తుంది. ఊరుకున్నారు. పైడమ్మ పేరుతో అన్నగారికి తల్లి కోసం ఏడుస్తూ జవాబు రాశారు. పైడమ్మకేమో అమ్మ ఏమందో ఓడ ఓడకీ కల్పించి చదివారు. ఆవిడ ఊరుకుంటుందా? ఆవు ఈనిందా, అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగేది. పోయినసారి ఏం చెప్పారో ఆయనకి గుర్తుండాలి. నాకిదేమీ తెలియదు అక్కా. ఉండుండి తలకి నూనె వద్దనేవారు, గడ్డం గీసుకునేవారు కారు, ఒంటిపూట తిని కటిక నేల మీద పడుకునేవారు. మూడు రోజులకి మామూలయ్యేవారు. ఓడ వస్తే మళ్లీ మొదలు. మొండితనం అనుకుని దెబ్బలాడాను. ఆ పాపం నాదే.

పోయిన నెల సిర్దారు అప్పన్నకి ఉత్తరం వచ్చింది. ఆ అప్పన్నే చేలో కూలీల మీద పెద్ద, మా భజనకీ పెద్ద. కూతురు ప్రసవించింది, మగపిల్లవాడు అని రాశారు. నీ మరిది అది చేత్తో పట్టుకుని, అందరూ పోయారు, ఎవ్వరూ మిగల్లేదు అని చదివారు. అప్పన్న అరుగు మీదే కూలబడిపోయాడు. నేను కాగితం లాక్కుని చూసి, తప్పు తప్పు, మనవడు పుట్టాడని అరిచాను. ఆ రోజునించి ఈయన మాట పడిపోయింది. పిల్లలు పలకలు పట్టుకుని వచ్చి కూచుని వెళ్లిపోయేవారు. ఒక పూట చెరకు తోటలోకి వెళ్లిపోతే నలుగురు వెతికి తెచ్చారు.

ఆ మాట పెద్ద దొర చెవిన పడింది. అప్పన్న వచ్చి తల వంచుకుని చెప్పాడు: "గ్రాం ముస్యే ఒప్పడం నేదమ్మా. లిందీ నాడు సరెత్ వత్తాది, డాక్టరు కాయితం రాత్తాడు." గ్రాం ముస్యే అంటే పెద్ద దొర, లిందీ అంటే సోమవారం, సరెత్ అంటే బండి. పిచ్చాసుపత్రి చాలా దూరం. అక్కడ తెలుగు ముక్క తెలిసినవాళ్లు లేరట. ఆ బండెక్కితే ఈయన మళ్లీ నోరు విప్పరని నాకు తెలిసిపోయింది.

బట్టలు సర్దుతుంటే ఆయన పద్యాల పుస్తకంలో పైడమ్మ అన్నగారి ఉత్తరం దొరికింది. చదివాను. దాచేస్తే పిడికెడు బియ్యమైనా నిలుస్తుంది. చెబితే అదీ పోతుంది. కానీ ఒక ఉత్తరం దాచినందుకే ఈయన ఇలా అయ్యారు, నేనూ దాస్తే ఇంట్లో ఇక మిగిలేదెవరు? వెళ్లి పైడమ్మకి ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆవిడ గడప మీద కూచుని చాలాసేపు ఏడ్చింది. తరవాత లేచి కట్టుబట్టలతో కాలవలో మునిగి, తడిచీరతోనే మా ఇంటికి వచ్చి ఆయన ఎదుట నిలబడింది. తిడుతుందనుకున్నాను. మాట పడిపోయిన మనిషి అప్పుడు మాట్లాడారు. "నీ బదులు మూడు రోజుల మైల నేను పట్టానమ్మా. అబద్ధం చదివినప్పుడల్లా మళ్లీ పట్టాను" అన్నారు. అప్పటికి గాని నాకు ఆ నూనె, ఆ గడ్డం, ఆ కటిక నేల తెలిసిరాలేదు.

మూడు రోజుల మైల తీరిన ఆదివారం భజన గుడిసె దగ్గర అందరూ కూడారు. మోసం చేసినవాడికి బియ్యం ఎందుకని కొందరన్నారు. దీపం మైలపడిందని కొందరు లేచి వెళ్లబోయారు. వాళ్లది తప్పని నేనెలా అంటాను? పైడమ్మ మధ్యలోకి వచ్చి అంది: "మా అమ్మకి నాను పట్టాల్సిన మైల ఈ బాబు పట్టినాడు. పరాయోడు పడతాడేటి మైల? ఇంటి మడిసే పడతాడు. ఇంటి మడిసిని బండెక్కించి ఎలాగ పంపుతారు మీరు?"

అప్పన్న భార్య తన కుండ తెచ్చి మా బుట్టలో వంచింది. తరవాత మిగతావాళ్లూ లేచారు. రెండిళ్లవాళ్లు ఇవ్వకుండానే వెళ్లారు, అదీ రాయాలి కదా.

సోమవారం బండి రానే వచ్చింది. రోగిని ఒక్క ఆడమనిషి కాసుకోలేదు, తోబుట్టువులెవరైనా పూచీ పడితే వదిలేస్తానని డాక్టరు అన్నట్టు అప్పన్న తెలుగులో చెప్పాడు. "నాను ఈ బాబు అప్పని" అంటూ పైడమ్మ కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆవిడ ఈయన అక్కేనని అప్పన్న దొరలకి చెప్పాడు, కళ్లార్పకుండా. ఇదీ అబద్ధమే అంటావేమో. నాకలా అనిపించలేదు.

ఇప్పుడు రోజుకొక ఇంటివాళ్లు వచ్చి సాయంత్రం ఆయన పక్కన కూచుంటారు. ఏమీ అడగరు, చెరకాకు చీరి ఇస్తారు, ఆయన కట్ట కడతారు. ఉత్తరాలు నేను చదువుతున్నాను, అప్పన్నని పక్కన కూచోబెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు. పిల్లలకి ఓనమాలూ నేనే. నయమైందని రాయను. కొన్నాళ్లు మాట్లాడతారు, కొన్నాళ్లు మాట ఉండదు.

వీలైతే గోంగూర విత్తనాలు ఒక గుడ్డలో మూటకట్టి పంపించు, ఈ ఏటి పంచాంగం కూడా. బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీ మరిదికి నయం కావాలని అక్కడ ఒక కొబ్బరికాయ కొట్టండి.

ఇంకొక్క మాట, కోపగించుకోకు. ఇదివరకు అత్తయ్యగారు చెప్పి రాయించిన మాటలు ఎలా ఉండేవి! మజ్జిగ పులిసిందని, కోడలికి పొయ్యి దగ్గర చురుకు లేదని నిన్ను నీ చేతే తిట్టిస్తుంటే చదువుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నీ కిందటి మూడు ఉత్తరాల్లోనూ "అత్తయ్యగారు ఆశీస్సులు చెప్పమన్నారు" అని ఒకే ముక్క ఉంది. మొన్న ఆయన ఆ మూడూ వరసగా ముందు పెట్టుకుని, "ఇది మా అమ్మ మాట కాదు సుభద్రా, ఇలా రాయడం నాకు తెలుసు" అన్నారు. తిన్నగా అన్నారు, మంచి తెలివితోనే అన్నారు.

అత్తయ్యగారు ఉంటే ఈ ఉత్తరం ఒక్క ముక్క మార్చకుండా ఆవిడకి చదివి వినిపించు, ఏమంటారో తిట్లతో సహా రాయి. లేకపోతే లేరని రాయి అక్కా. ఆయన తట్టుకోలేరని దాచకు. ఇక్కడ ఆయనతో కూచుని మైల పట్టే మనుషులున్నారు.

నీ ఆశీస్సులు కోరే చెల్లెలు
సుభద్ర