ఇడువు అన్నది ఎవరిని?

కార్వాన్,
ఆదివారం

చిరంజీవి యశోదకు,

అమ్మ ఆశీస్సులు. అందరం క్షేమమని ఈసారి రాయలేను. నేనూ నీ కూతురు కీర్తీ బాగానే ఉన్నాం. మీ ఆయన మాత్రం మోకాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నారు. పుణె నుంచి పరుగెత్తుకు రావద్దు, ముందు ఇది చివరిదాకా చదువు. ఫోన్ మోగగానే కీర్తి వచ్చి నా పక్కన నిలబడుతోంది, అందుకే ఉత్తరం.

బరువులెత్తితే పిల్ల పొడుగు ఆగిపోతుందా అని అడిగావు. కోచ్ లావణ్యను నేనూ నిలదీశాను. తగిన బరువుతో, సరైన పద్ధతిలో చేస్తే ఆగదంది. కెటిల్‌బెల్ అంటే పిడి ఉన్న ఇనుప గుండు. దాన్ని చేతుల బలంతో ఎత్తరు. వీపు నిటారుగా ఉంచి, తుంటి విసురుతో కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుకు ఊపుతారు. కీర్తి నేర్చుకునే జూడోలో ఎదుటి పిల్లను ఎత్తి పడేసే బలం అక్కడే పుడుతుందట. కీర్తికి ఎనిమిది కిలోలతో మొదలుపెట్టించి, తప్పు పోయాకే పన్నెండు ఇచ్చింది. ఆమె మొదట నేర్పింది మాత్రం వదలడం. "జారిందనుకో, పట్టుకోవద్దు. ఇడిసి ఎనకకు జరుగు. గుండు పోతే పోనీ, నీ కాళ్లు పైలం."

ఇక కీర్తి నీతో ఎందుకు మాట్లాడటం లేదన్నావు.

బుధవారం సాయంత్రం అది పాల కొట్టం ముందు సాధన చేస్తోంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. మీ ఆయన తాగి వచ్చారు.

"పెళ్లాన్ని పుణె తోలిన్రు. గిప్పుడు బిడ్డను పహిల్వాన్ చేస్తున్నరా? తీస్కపోత దీన్ని!"

"కూసోండ్రి, మాట్లాడుదాం" అన్నాను.

బర్రెలను తోలే కర్రతో నా మూతి మీద కొట్టారు. పన్ను ఊడి ఒళ్లో పడింది. లేవబోతే జుట్టు పట్టి గచ్చు మీద ఈడ్చారు. తల గోడకేసి బాదారు. మళ్లీ బాదారు. కళ్లలోకి రక్తం దిగింది. కీర్తి గుండు ఊపుతూనే మమ్మల్ని చూస్తోంది. ఆయన నన్ను ఈడ్చుకుంటూ దాని ఎదుటికే వచ్చారు.

"ఇడువు!" అని అరిచాను.

గుండు నా చెవి పక్క నుంచి పోయి ఆయన మోకాలికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. కింద పడ్డాక కూడా కర్ర కోసం తడుముకున్నారు.

పక్కింటి సోనీ ఠాణాలో సాక్ష్యం చెప్పింది. "చెమటకు జారింది సాబ్. ముసలామె ఇడువు ఇడువు అని అల్లుని బతిమిలాడింది. ఆడు ఇడిస్తేనా!" నేనూ దాని కిందే సంతకం పెట్టాను.

ఇప్పుడు అసలు మాట. నీ పెళ్లినాటి నుంచి మీ ఆయనను నేను ఒక్కసారైనా "నువ్వు" అనలేదు. ఆ దెబ్బల్లోనూ అనలేదు. ఆయననైతే "ఇడువుండ్రి" అనేదాన్ని. ఠాణాలో ఎవరికీ తట్టలేదు కానీ నీకు తడుతుంది. నేను ఇడువు అన్నది కీర్తిని. గుండు ఎవరికి తగులుతుందో తెలిసే అన్నాను.

అప్పటి నుంచి అది గుండు ముట్టలేదు. కంచం ముందు కూర్చుని చేతులు చూసుకుంటోంది. "నాది గూడ బాపు చెయ్యే అమ్మమ్మా" అంది నిన్న.

ఇక దాచలేకపోయాను. "పెద్దదాన్ని నేను చెప్పిన, నువ్వు విన్నవ్. గంతే" అన్నాను.

అది కంచం పక్కకు జరిపింది. తరువాత, "నువ్వు అనకముందే ఇడిసిన" అంది.

"పరేషాన్‌ల ఉంటివి, నీకేం యాదుంటది?"

"నాకు యాదుంది అమ్మమ్మా."

యశోదా, ఏది ముందో నాకు నిజంగా తెలియదు. రేపు ఠాణాకు వెళ్లి, వదలమన్నది నేనేనని రాసిస్తాను. నువ్వు వచ్చాక కీర్తి నీకు వేరేగా చెబుతుంది. వాదించకు. మొత్తం విని, అమ్మమ్మ మాట విన్నావు బిడ్డా అని మాత్రం అను.

ఇట్లు,
నీ అమ్మ
సుందరమ్మ